తొమ్మిది నెలల పాపకి, రెండున్నరేళ్ళ బాబుకి ఏ పుస్తకాలు కొనాలి, ఎట్లా చదివి వినిపించాలి?

కావలి దగ్గర పల్లె నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. క్లుప్తంగా: "పాపకి తొమ్మిది నెలలు, బాబుకి రెండున్నరేళ్ళు. ఆన్‌లైన్‌లో అట్ట పుస్తకాల సెట్టు తెప్పించాను. పాప వాటిని నములుతుంది. బాబు ఒక్కచోట కూర్చోడు, కూర్చుంటే ఒకే పుస్తకం పదే పదే చదవమంటాడు. అవన్నీ ఇంగ్లీషువి. ఇంగ్లీషులోనే చదవాలా, తెలుగులో చెప్పాలా? అక్షరాభ్యాసం కాకముందే పుస్తకం పట్టిస్తే చదువు అబ్బదని మా అత్తగారు అంటున్నారు. మా ఆయన రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉంటారు, రాత్రిళ్ళు ఇంటికి రారు. బాబుకి మాటలు కూడా తక్కువే. పుస్తకాలు చదివితే వస్తాయా?"

నేను కావలి, అల్లూరు వైపు అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా చేసి రిటైరయ్యాను. మీరు అడిగినవన్నీ ఇంటింటికీ తిరిగేటప్పుడు తల్లులు అడిగినవే. చివర్లో అడిగిన మాటల సంగతి అన్నిటికంటే ముఖ్యమైంది, దాన్ని విడిగా చెప్తాను.

మూడేళ్ళలోపు పిల్లలకి పుస్తకం అంటే మీరూ వాళ్ళూ కలిసి చూసే బొమ్మ, ఆ బొమ్మ మీద చెప్పుకునే నాలుగు కబుర్లు. అందులో ఉన్న అక్షరాలు మీకోసం, వాళ్ళకోసం కాదు. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే మీ టెన్షన్ సగం తగ్గుతుంది. పేజీ పూర్తి కాలేదు, కథ సగంలో ఆగింది, పాప వెనక పేజీ ముందు తిప్పింది, ఇవేవీ లెక్కలోకి రావు. మీరు మాట్లాడారా, ఆమె విన్నదా, ఆమె "ఉంగ" అంటే మీరు తిరిగి పలికారా, అంతే చూసుకోవాలి.

పాప నమలడం గురించి. ఆ వయసులో చేతికి అందిన ప్రతి వస్తువునీ నోటితోనే తెలుసుకుంటారు. పైగా పళ్ళొచ్చే కాలం, చిగుళ్ళు దురద. ఆమె పుస్తకాన్ని పాడుచేయడం లేదు, తనకి తెలిసిన పద్ధతిలో చూస్తోంది. కాబట్టి నమిలినా ప్రమాదం లేని పుస్తకం ఇవ్వడం మన పని. కొనే ముందు తడి వేలితోనో తెల్ల గుడ్డతోనో బొమ్మ మీద గట్టిగా రుద్దండి, రంగు అంటితే అక్కడే పెట్టేయండి. రంగు వాసన గుప్పుమన్నా అంతే. మూలలు గుండ్రంగా ఉండాలి. మధ్యలో పిన్నులు ఉండకూడదు. పై పొర ప్లాస్టిక్ అంచు దగ్గర లేస్తుంటే అది ఊడి గొంతులోకి పోతుంది. బటన్ నొక్కితే అరిచే పుస్తకాలున్నాయి చూడండి, ఆవు నొక్కితే అంబా అంటుంది, వాటి వెనక బటన్ సెల్, అంటే గుండీలాంటి చిన్న బ్యాటరీ ఉంటుంది. ఆ సెల్ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోయే ప్రమాదం ఉంది. సెల్ మూత స్క్రూతో బిగించి ఉంటే తప్ప ఇంట్లోకే రానివ్వకండి. అసలు అంబా అనడానికి మీరున్నారు, మీ అత్తగారున్నారు, దొడ్లో బర్రె ఉంది. దుడ్లు పెట్టి కొనాల్సిన పనేంటి?

పుస్తకం చూసే వేళ, నమిలే వేళ వేరు చేయొచ్చు. చిగుళ్ళు బాగా దురదపెట్టినప్పుడు ముందు రంగు వేయని చెక్క గరిటె చేతికిచ్చి కాసేపు నమలనివ్వండి. ఉదయగిరి వాళ్ళు చేసేవి నున్నగా ఉంటాయి, పెద్ద సైజుది తీసుకోండి. ఆ తర్వాత పుస్తకం తీస్తే చూపు బొమ్మ మీద నిలుస్తుంది. తడిసిన అట్ట పుస్తకాన్ని ఎండలో పెట్టకండి, వంకర్లు పోతుంది. పొడిగుడ్డతో తుడిచి నీడలో తెరిచి నిలబెట్టండి. మన సముద్రపు గాలికి తేమ ఎక్కువ, మూసిపెడితే పేజీలు అతుక్కుని బూజు వస్తుంది. అట్ట పొరలు విడిపోతే సన్నగా ఫెవికాల్ రాసి, పైన కాగితం వేసి, రాత్రంతా పొత్రం కింద పెట్టండి. పూర్తిగా ఆరాకే పాపకి ఇవ్వాలి.

ఇక ఎట్లాంటి బొమ్మలు? పుట్టిన కొత్తలో పిల్లల చూపు జానెడు, జానెడున్నర దూరం దాకే స్పష్టంగా ఆనుతుంది. అప్పుడు నలుపు తెలుపు గీతలు, మీ ముఖం చాలు. మీ పాప ఆ దశ దాటింది. ఇప్పుడు పేజీకి ఒకటే బొమ్మ, వెనక ఖాళీగా, నిజం వస్తువులాగే ఉండాలి. కుక్క కుక్కలా ఉండాలి, ఊదారంగు టోపీ పెట్టుకుని సైకిలు తొక్కే కుక్క ఇప్పుడొద్దు. ఎనిమిది, పది పేజీలు మించితే ఆమె చేతికి బరువు. మీరు తెప్పించిన సెట్లలో ఒక్కో పేజీకి ఇరవై బొమ్మలు కుక్కి ఉంటాయి. అవి ఏడాదిన్నర దాటాక, "కాకి ఎక్కడుంది?" అంటే వేలు పెట్టి చూపించే వయసులో పనికొస్తాయి. అప్పటిదాకా అటక మీద ఉంచండి. ఎత్తితే లేచే బొమ్మలు, లాగితే కదిలే బొమ్మలు నాకు పెద్దగా నచ్చవు. పిల్లలు ఆ లాగే పనిలో పడి మనం చెప్పేది వినరు, రెండో రోజుకి అవి చేతికొస్తాయి.

పాపతో ఎట్లా చూడాలో ఒక పేజీ వరకూ చెప్తాను. పాలు తాగి, నిద్ర పోయి లేచి, హుషారుగా ఉన్నప్పుడు ఒళ్ళో పక్కకి కూర్చోబెట్టుకోండి. ఆమెకి బొమ్మా కనపడాలి, మీ నోరూ కనపడాలి. మొదటి పేజీ తెరిచి ఏమీ అనకుండా ఒక క్షణం ఆగండి. ఆమె చూపు ఎక్కడ ఆనిందో చూడండి. పిల్లి మీద ఆనితే "పిల్లి" అనండి, వేలు దాని మీద పెట్టండి. "పిల్లి మ్యావ్ అంటుంది." మళ్ళీ ఆగండి. ఆమె చెయ్యి ఆడించినా, కాళ్ళు తన్నినా, "అ" అన్నా అది జవాబే. "అవునా? పిల్లి వచ్చిందా?" అనండి. ఇంతలో ఆమె మూడు పేజీలు ఒక్కసారే తిప్పేస్తుంది, తిప్పనివ్వండి. అట్ట పేజీ తిప్పడం కూడా ఆ వేళ్ళకి పెద్ద పనే. ముఖం తిప్పుకుందా, వీపు విల్లులా వంచిందా, ఇక చాలని అర్థం. మూసేయండి. రెండు నిమిషాలైనా ఆ పూటకి సరిపోయింది.

మన ఇళ్ళలో కథ చెప్తూ పిల్లల చేత ఊ కొట్టించే అలవాటు ఉంది కదా, ఇదీ అదే పద్ధతి. ఊ రాని పిల్లలు కాళ్ళతో కొడతారు, అంతే తేడా.

బాబు దగ్గరికి వద్దాం. రెండున్నరేళ్ళ వాడు కూర్చోకపోతే కూర్చోబెట్టకండి. వాడు మంచం చుట్టూ తిరుగుతూ, బండి తోసుకుంటూ కూడా వింటాడు. మీరు చదువుతూ ఉండండి, నచ్చిన పేజీ వచ్చేసరికి వాడే వచ్చి మీద పడతాడు. ఒకే పుస్తకం పదే పదే అడగడం విసుగు పుట్టిస్తుంది, నిజమే. కానీ వాడికి ప్రతిసారీ అది వేరే పుస్తకం. మొదట బొమ్మ చూస్తాడు, తర్వాత మాట పట్టుకుంటాడు, తర్వాత ఏం జరగబోతుందో ముందే తెలిసి సంబరపడతాడు. అందుకని దాచిపెట్టకండి. వాక్యం చివరి మాట దగ్గర ఆపి వాడి ముఖం చూడండి, ఆ మాట వాడే పూరిస్తాడు. పూరించకపోతే ఐదంకెలు లెక్కపెట్టేంత సేపు ఆగి మీరే చెప్పేయండి. ఆ ఆగడమే మనకి చేతకాదు. పెద్దవాళ్ళం ఖాళీ కనపడితే మాటలతో నింపేస్తాం.

చాలామంది తల్లిదండ్రులు చేసేదొకటి మీరు చేయొద్దు. పుస్తకం తెరవగానే "ఇదేంటి? ఇదే రంగు? ఎన్ని ఉన్నాయి? చెప్పు, నిన్న చెప్పావుగా" అని పరీక్ష పెడతారు. చుట్టాలు వచ్చినప్పుడైతే ఇంకా ఎక్కువ. పిల్లవాడు రెండు రోజులు చెప్తాడు, మూడో రోజు పుస్తకం చూస్తే పారిపోతాడు. అడిగేది ఒకటైతే చెప్పేవి రెండుండాలి. ఉదాహరణకి, చెరువులో బర్రె బొమ్మ ఉందనుకోండి. వాడు "బర్రె" అన్నాడు. మీరు "అవును, నల్ల బర్రె. నీళ్ళలో పడుకుంది" అనండి. వాడి ఒక్క మాటకి మీరు రెండు మాటలు కలిపారు. ఆగండి. వాడు "నీళ్ళు" అంటాడు. "చల్లటి నీళ్ళు. మన బర్రె కూడా నిన్న చెరువులో దిగింది కదా, తాత తోలుకొచ్చాడు." ఇప్పుడు పుస్తకంలో బర్రె మీ ఇంటి బర్రె అయింది. ఆ తర్వాత ఒక్క ప్రశ్న: "బర్రె ఎందుకు నీళ్ళలో పడుకుంది?" జవాబు ఏదైనా ఒప్పుకోండి. "లాల పోసుకుంటుంది" అన్నా ఒప్పే.

ఇంగ్లీషా తెలుగా అన్న ప్రశ్నకి నా జవాబు ఇందులోనే ఉంది. చెరువులో దిగిన బర్రె గురించి మీరు తడుముకోకుండా ఏ భాషలో మాట్లాడగలరో ఆ భాషలో చెప్పండి. పుస్తకం ఇంగ్లీషుదైనా బొమ్మకి భాష లేదు. కింద అచ్చైన వాక్యం వదిలేసి తెలుగులో చెప్పండి. ఇంగ్లీషు బాగా వచ్చిన వాళ్ళు ఇంగ్లీషులోనూ చదవొచ్చు. పిల్లలు రెండు భాషలు వింటే తికమక పడతారన్నది, మాటలు ఆలస్యమవుతాయన్నది అపోహ. నెల్లూరులో తెలుగు, ఉర్దూ, అరవం మూడూ వింటూ పెరిగిన పిల్లలు ఎంతమంది లేరు! కానీ అరకొర ఇంగ్లీషులో "దిస్ ఈజ్ కౌ" అని ఆగిపోవడం కంటే తెలుగులో ఐదు నిమిషాలు కబుర్లు చెప్పడం వాడికి ఎన్నో రెట్లు మేలు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2024లో మూడేళ్ళలోపు పిల్లల కోసం 'నవచేతన' అనే మార్గదర్శకం తెచ్చింది. అందులోనూ ఇంట్లో పిల్లలతో మాట్లాడటం, ఆడటం మీదే దృష్టి. మీ అంగన్‌వాడీ టీచర్‌ని అడిగితే వయసుకి తగిన ఆటలు చెప్తారు.

తెలుగులో మంచి బొమ్మల పుస్తకాలు దొరకవా అంటే దొరుకుతాయి, వెతకాలి. మన ఊళ్ళ స్టేషనరీ షాపుల్లో వేలాడే అట్ట పుస్తకాలు ఎక్కువగా అ అంటే అమ్మ, ఏ ఫర్ ఆపిల్ రకాలు. వాటికి ఇంకా టైముంది. హైదరాబాదు 'మంచి పుస్తకం' వాళ్ళు, చెన్నై 'తూలికా' వాళ్ళు, నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ళు పిల్లలకి తెలుగులో వేస్తున్నారు. తూలికా వాటిలో ఒకే పేజీలో రెండు భాషలూ పక్కపక్కన ఉండేవి ఉన్నాయి, మీలాంటి ఇంటికి అవి బాగుంటాయి. ప్రథమ్ బుక్స్ 2015లో 'స్టోరీవీవర్' అనే వెబ్‌సైటు మొదలుపెట్టింది. అక్కడ తెలుగు కథలు ఉచితం, మొదటి లెవెల్ తీసుకోండి. డౌన్‌లోడ్ చేసి, జెరాక్స్ షాపులో ప్రింటు తీయించి, అట్ట మీద అంటించి, దారంతో కుట్టుకోండి. స్పైరల్ వద్దు, తీగ గుచ్చుకుంటుంది. ఇవన్నీ కాగితం పేజీలు కాబట్టి బాబుకే, పాపకి దూరంగా ఉంచాలి. విజయవాడలో జనవరి మొదట్లో పుస్తక మహోత్సవం జరుగుతుంది. చేత్తో పట్టుకుని చూసి కొనడానికి అంతకంటే మంచి చోటు లేదు. ఎక్కడ కొన్నా, రెండు వాక్యాలు పైకి చదవండి. నాలుక తట్టుకుంటే, ఎవరూ మాట్లాడని తెలుగైతే తిరిగి పెట్టేయండి. అట్లాంటి పుస్తకాలు బోలెడు. నీతి కథలు కూడా ఇప్పుడు అక్కర్లేదు. చెప్పు పోయింది, వెతికారు, మంచం కింద దొరికింది. రెండున్నరేళ్ళకి ఇంతకంటే గొప్ప కథ లేదు.

ఫోనులోనే చూపించవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది: ఏడాదిలోపు పిల్లలకి స్క్రీన్ అసలు వద్దు, రెండేళ్ళ పిల్లలకి రోజుకి గంట మించకూడదు, ఎంత తగ్గితే అంత మంచిది. నేను ఇంకో కారణం చెప్తాను. ఫోను చేతిలో ఉంటే వాట్సాప్ మోగుతుంది, మీ చూపు అటు పోతుంది, వాడి వేలు ఇంకేదో నొక్కుతుంది. కథ మీరు ఫోనులో ముందే చదువుకుని, పక్కన పెట్టి, నోటితో చెప్పండి.

అన్నిటికంటే చవకైన, పిల్లలకి అన్నిటికంటే నచ్చే పుస్తకం మీరే చేయొచ్చు. ఫోటో స్టూడియోలో ప్రింట్లు తీయించుకుంటే చిన్న ప్లాస్టిక్ జేబుల ఆల్బమ్ ఇస్తారు. అందులో ఒక్కో జేబులో ఒక్కో ఫోటో: అమ్మ, నాన్న, జేజమ్మ, తాత, అన్న, బర్రె, నీళ్ళ బిందె, నాన్న టీవీఎస్ ఎక్సెల్, ఇంటి ముందు వేపచెట్టు. మనుషులవి ముఖం దగ్గరగా, వస్తువులవి ఒక్కటే కనపడేట్టు తీయండి. రెండేసి ప్రింట్లు వెనకా వెనకా కలిపి పెడితే జేబు గట్టిగా ఉంటుంది. అంచులు పాప చిగుళ్ళకి కోసుకోకుండా చూసుకోండి, ప్లాస్టిక్ చిరిగిన రోజు ఆ ఆల్బమ్ తీసేయండి. మీ ఆయన రాత్రి గుంటల దగ్గరే ఉంటారన్నారు కదా. పడుకునే ముందు ఆ పేజీ తెరిచి "నాన్న ఏడి? గుంట కాడ ఉన్నాడు. ఏరేటర్లు తిరుగుతున్నాయి, బుర్‌ర్‌ర్" అని చెప్పండి. ఆయన్ని కూడా పొద్దున ఇంటికొచ్చి టిఫిన్ తిన్నాక ఒక్క పుస్తకం చూపించమనండి. మగవాళ్ళు చదివితే గొంతులు మారుస్తారు, కథలో లేనివి కలుపుతారు, పిల్లలకి అదే ఇష్టం. చదవడం రానివాళ్ళూ, సిగ్గుపడేవాళ్ళూ బొమ్మ చూసి తోచింది చెప్తే చాలు.

ఇద్దరినీ ఒకేసారి కూర్చోబెడితే పాప లాగుతుంది, బాబు కొడతాడు. పాప చేతికి ఆమె అట్ట పుస్తకం ఇచ్చి, బాబు పుస్తకం కాస్త ఎత్తులో పట్టుకోండి. పాప నిద్రపోయినప్పుడు ఒక్క పుస్తకం బాబుకి మాత్రమే. చెల్లికి బొమ్మలు చూపించే పని కూడా వాడికి అప్పజెప్పండి, గర్వంగా చేస్తాడు.

మీ అత్తగారి మాట కొట్టిపారేయకండి. ఆవిడకి పుస్తకం అంటే సరస్వతి. కాలు తగిలితే కళ్ళకద్దుకోవాలి, ఎంగిలి చేయకూడదు. అటువంటిది పాప దాన్ని నములుతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. అక్షరాభ్యాసం అక్షరాలకి. ఆ రోజున పలక మీద మొదటి అక్షరం ఆవిడే దిద్దించవచ్చు, ఎవరు కాదన్నారు? ఇవి బొమ్మలు. అందుకని నమిలే పుస్తకాల్ని బొమ్మల బుట్టలోనే వేయండి, దేవుడి బొమ్మలున్న పుస్తకాలు ఆ బుట్టలోకి రానివ్వకండి. బాబు పుస్తకాలకి వేరే అర పెట్టి, చూశాక అక్కడ పెట్టడం నేర్పించండి. అది చూస్తే ఆవిడకి తృప్తి. డాక్టర్ల మాట కావాలంటే, అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లోనే పుట్టినప్పటి నుంచి చదివి వినిపించమని తల్లిదండ్రులకి చెప్పాలంది. కానీ ఇంట్లో వాదన ఇట్లాంటి వాటితో గెలవలేం. ఒకరోజు ఆల్బమ్ ఆవిడ ఒళ్ళో పెట్టి, "అత్తా, వంటలో ఉన్నాను, కాస్త చూపించరా" అని లోపలికి వెళ్ళండి. "అదిగో చూడు నాయనా, బర్రె! ఎంత లావుండాదో" అని ఆవిడే మొదలుపెడతారు. ఆ పాత కథలన్నీ మీకంటే ఆవిడకే బాగా వచ్చు.

ఇక బాబుకి మాటలు తక్కువ అన్నారు. ఇది మాత్రం పుస్తకాల మీద వదిలేయకండి. రెండేళ్ళకల్లా పిల్లలు "అమ్మ పాలు", "నాన్న వచ్చె" అని రెండు మాటలు కలుపుతారు, మాటల లెక్క యాభై దాకా వస్తుంది. మీవాడు రెండున్నరకి కూడా రెండు మాటలు కలపకపోతే, మాటలు వచ్చి మళ్ళీ పోతే, వెనక నుంచి పిలిస్తే తిరగకపోతే, కావాల్సింది వేలుతో చూపించకపోతే ఆలస్యం చేయొద్దు. "వాళ్ళ నాన్నకి కూడా లేటుగా వచ్చాయి" అనే మాట విని ఏడాది పోగొట్టుకున్న ఇళ్ళు చాలా చూశాను. ముందు చెవి పరీక్ష చేయించండి. చెవిలో చీము కారడం, ఊరికే జలుబు చేయడం ఉంటే అది కూడా డాక్టరుకి చెప్పండి. అంగన్‌వాడీలో గానీ పీహెచ్‌సీలో గానీ అడిగితే, 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే ప్రభుత్వ పథకం కింద, జిల్లాలో పిల్లల ఎదుగుదల పరీక్షలు చేసే కేంద్రానికి రాసి పంపిస్తారు, పరీక్షకి డబ్బు పెట్టాల్సిన పని లేదు. వెళ్ళేముందు ఒక వారం పాటు వాడు అన్న మాటలన్నీ ఒక కాగితం మీద రాయండి. "బువ్వ", "అత్త", బండిని "బుర్" అన్నది కూడా రాయాలి. డాక్టరు మొదట అడిగేది అదే, అక్కడ కంగారులో ఒక్కటీ గుర్తురాదు. చెవి బాగానే ఉందని తేలినా, మందు రాసినా, థెరపీ చెప్పినా, ఇంట్లో ఆ బర్రె పేజీ మాత్రం ఆపకండి.